లినక్స్ కెర్నెల్: మెమరీ నిర్వహణలో నకళ్ళ సమస్య

కంప్యూటరు యంత్రానికీ, దానిపై నడిచే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి వ్యవహారమంతా నడిపే మూల ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ కెర్నెల్ తొలుత ఇంటెల్ 386 ప్రాసెసరు కొరకు మాత్రమే ఉద్దేశింపబడినది. నేడది సుమారు 20 ప్రాసెసరు కుటుంబాలపై నడుస్తున్నది. మన చేతులలోని ఆండ్రాయిడ్ ఫోన్లకు కూడ అదే ఆధారము.

ఈ విస్తరణలో ఒక చిక్కు దాగియున్నది. క్రొత్త ప్రాసెసరుకు కెర్నెల్‌ను అనువుపరచువారు తరచుగా పాత ప్రాసెసరు విభాగంలోని ఫైళ్ళకు నకలు తీసి, వలసినంత మేరకు మార్చుకొనేవారు. పని త్వరగా జరిగేది గనుక వారిని తప్పు పట్టలేము. కాని నకలుతోపాటు అందులోని ప్రతి నియమమూ మరొక చోట స్థిరపడినది.

పేజ్ ఫాల్ట్ అనే ప్రక్రియను చూడండి. ప్రోగ్రాము తాకిన చిరునామా వద్ద మెమరీ ఇంకా అమర్చి ఉండనప్పుడు ప్రాసెసరు పని నిలిపి కెర్నెల్‌ను పిలుస్తుంది. ఆ చిరునామా ఏది, జరిగినది చదువుటయా వ్రాయుటయా అని తెలిసికొను తీరు ప్రాసెసరును బట్టి మారుతుంది, మారక తప్పదు. అటుపిమ్మట మెమరీ పట్టికకు తాళం వేయుట, ఆ చిరునామా ఏ ప్రాంతానిదో వెదకుట, అది స్టాక్‌కు చేరువలో ఉంటే స్టాక్‌ను విస్తరించుట జరుగుతాయి. వీటికి ప్రాసెసరుతో దాదాపు పని లేదు. అయినను ప్రతి విభాగంలోను ఇంచుమించు అవే పంక్తులు!

ఇక్కడ తాళం రెండు విధాలు. గ్రంథాలయపు పుస్తకాల పట్టీని పదిమంది ఒకేసారి చదువవచ్చును. దిద్దేటప్పుడు మాత్రం దిద్దేవారొక్కరే ఉండాలి. స్టాక్ విస్తరణ పట్టికను దిద్దే పనియే. అయినా చిరకాలంగా చదువరుల తాళంతోనే సరిపెట్టుకొన్నారు. పాత పట్టికలో విస్తరణ అంటే ఒక ప్రాంతపు సరిహద్దు అంకెను మార్చుట మాత్రమే; పట్టిక అమరిక చెదరదు. 2022 డిసెంబరులో వెలువడిన 6.1 సంచికలో మేపుల్ ట్రీ అనే క్రొత్త అమరిక ప్రవేశించినది. అందులో సరిహద్దు మారితే పట్టికలోని ఒక భాగమే తొలగి, దాని స్థానంలో మరొకటి రావచ్చును. తొలగిన భాగాన్ని మరొకరు ఇంకా చదువుతూ ఉండవచ్చును. ఈ సందునుండి సామాన్య వినియోగదారుడు యంత్రంపై సర్వాధికారం చేజిక్కించుకొనగలడని 2023లో బయటపడినది. ఆ లోపానికి స్టాక్‌రాట్ అని పేరు.

విరుగుడు ఒక్క వాక్యమే: విస్తరించుటకు ముందు దిద్దేవారి తాళం వేయాలి. కాని ఆ వాక్యాన్ని ఎన్ని చోట్ల వ్రాయాలి? 2023 జూన్‌లో టోర్వాల్డ్స్ ఎక్స్86 విభాగంలోని తర్కాన్ని ఉమ్మడి భాగానికి తరలించి, తాళం వేసి ప్రాంతాన్ని వెదకే ఒకే ఫంక్షన్‌గా రూపొందించెను. ఆర్మ్, పవర్‌పీసీ, మిప్స్, రిస్క్-ఫైవ్ మున్నగు విభాగాలు తమ నకళ్ళను విడిచి దానిని స్వీకరించినవి. ఏకీకరణ అంతకుముందు లేనిదేమీ కాదు. 2008 జనవరి నాటి 2.6.24 సంచికలోనే ఇంటెల్ 32, 64 బిట్ల విభాగాలు ఒకే గూటికి చేరినవి. కాని ఈమారు ఆలస్యానికి తావు లేదు.

అన్నిటినీ ఒకే అచ్చులో పోయుట మాత్రం సాధ్యపడలేదు. స్టాక్ సాధారణంగా క్రిందికి పెరుగుతుంది. పీఏ-రిస్క్‌లో పైకి పెరుగుతుంది. మన సంచికలో ఉర్దూ పుటలు కుడినుండి, తెలుగు పుటలు ఎడమనుండి తెరచుకొన్నట్లే! ఇటానియమ్‌లో రెండు దిక్కులా పెరుగుదల ఉండేది. 2024 జనవరి నాటి 6.7 సంచికతో ఆ విభాగాన్నే తొలగించినారు. ఇట్టివాటిని చేతితో విడిగా దిద్దవలసి వచ్చినది. యంత్ర స్వభావం వలన కలిగిన భేదాన్ని ఉండనిచ్చి, నకలు వలన మిగిలిన భేదాన్నే తీసివేయుట సరియైన పద్ధతి అని నా అభిప్రాయం. ఈ రెంటినీ వేరుపరచుటలోనే అసలు శ్రమ ఉన్నది.

ఆ మార్పులలో సీ-స్కై, స్పార్క్ 32, ఎక్స్‌టెన్సా, పీఏ-రిస్క్ విభాగాలలో చిన్న పొరపాట్లు దొర్లినవి. అవి అరుదైన యంత్రాలు. పరీక్షించి చూచువారు కొద్దిమంది. వారు గుర్తించి తెలుపగా కొద్ది దినాలలోనే సవరణలు చేరినవి.