అంత చలిలో తోక ఎలా వస్తుంది? కైరాన్, సెంటార్ల సంగతి

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, తోకచుక్కకి తోక సూర్యుడి వేడి వల్లే వస్తుంది కదా, మరి శని గ్రహం అవతల ఉన్నవాటికి కూడా వస్తుందంటున్నావు, అదెలా?" మంచి డౌట్. స్కూల్లో మనం చదివింది తప్పు కాదు గానీ సగమే. మిగతా సగం కోసం ఈరోజు కైరాన్ దగ్గరికి వెళ్దాం.

1977 నవంబర్ 1న చార్లెస్ కోవాల్ అనే అమెరికన్ ఖగోళ శాస్త్రవేత్త, కాలిఫోర్నియాలోని పాలోమార్ అబ్జర్వేటరీలో అంతకుముందు నెల తీసిన ఫొటో ప్లేట్లు పరీక్షిస్తూ నెమ్మదిగా జరుగుతున్న ఒక చిన్న చుక్కని పట్టుకున్నాడు. కక్ష్య లెక్క వేస్తే అది ఎక్కువ కాలం శనికీ యురేనస్‌కీ మధ్యే తిరుగుతోందని తేలింది. సూర్యుడి చుట్టూ ఒక రౌండ్ వేయడానికి దాదాపు 50 ఏళ్లు. దగ్గరికొస్తే 127 కోట్ల కిలోమీటర్లు, దూరం పోతే 283 కోట్ల కిలోమీటర్లు. మన భూమి ఉన్నది 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో, అదీ తేడా. ఆస్టరాయిడ్ అంటే అంగారకుడికీ గురుడికీ మధ్య ఉండేది అని అలవాటు పడ్డవాళ్లకి ఇది వింతే. కానీ తోక కనిపించలేదు కాబట్టి ఆస్టరాయిడ్ల లిస్టులో వేసి, 2060 అని నంబర్ ఇచ్చి, కైరాన్ అని పేరు పెట్టారు. గ్రీకు పురాణాల్లో సగం మనిషి, సగం గుర్రంగా ఉండే సెంటార్లలో ఒకడు కైరాన్. తర్వాత గురుడికీ నెప్ట్యూన్‌కీ మధ్య ఇలాంటివే చాలా దొరికాయి, అన్నిటికీ కలిపి సెంటార్లు అనే పేరు స్థిరపడింది.

పదకొండేళ్లు గడిచాయి. 1988లో కైరాన్ లెక్క ప్రకారం ఉండాల్సిన దానికంటే ఎక్కువ వెలుగుతోంది. ఉత్త రాయి అయితే అలా వెలగదు. 1989లో కేరెన్ మీచ్, మైకేల్ బెల్టన్ దాని చుట్టూ మసకగా ధూళి మేఘం ఉందని చూపించారు. దీన్నే కోమా అంటారు (హాస్పిటల్ కోమా కాదు, తోకచుక్క తల చుట్టూ ఉండే మబ్బు). దాంతో దీనికి తోకచుక్కల లిస్టులో కూడా 95పీ అనే నంబర్ వచ్చింది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాడిగా చెప్తున్నా, ఒకే రికార్డు రెండు టేబుళ్లలో ఉంటే మా టీమ్ లీడ్ ఊరుకోడు. ఇక్కడ మాత్రం అదే కరెక్ట్. సగం సగం జీవి పేరు పెట్టింది ఈ సంగతి బయటపడకముందే, కాకతాళీయంగా భలే కుదిరింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. తోక ఎందుకొస్తుంది? గడ్డకట్టిన పదార్థం నీరుగా మారకుండా నేరుగా ఆవిరైపోవడాన్ని ఉత్పతనం అంటారని చదువుకున్నాం. బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు అరిగిపోతాయి చూడండి, అదే. తోకచుక్కలో మంచు అలా గ్యాస్ అయ్యి, ధూళిని కూడా ఎగదోసుకుంటూ బయటికొస్తుంది. కానీ నీటి మంచు గట్టిగా ఆవిరి కావాలంటే సూర్యుడికి సుమారు 45 కోట్ల కిలోమీటర్ల లోపలికి రావాలి. అంటే గురుడి కంటే బాగా ఇవతలికి. కైరాన్ ఉండే చోట సగటున మైనస్ 180 నుంచి మైనస్ 210 డిగ్రీలు. అక్కడ నీటి మంచు అంటే గ్రానైట్ రాయితో సమానం, కదలదు.

మరి ఏం కదులుతోంది? పెళ్లి రిసెప్షన్‌లో స్టేజి మీద పొగ వదులుతారు కదా, డ్రై ఐస్. అది గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మన దగ్గర మైనస్ 78 డిగ్రీలకే ఆవిరైపోతుంది, శూన్యంలో అయితే మైనస్ 190 దరిదాపుల్లోనే పని మొదలుపెడుతుంది. కార్బన్ మోనాక్సైడ్ మంచు ఇంకా తొందరపాటుది, దానికి మైనస్ 245 ప్రాంతం చాలు.

సరే, కార్బన్ మోనాక్సైడే కారణం అనేసి వీడియో ముగించొచ్చు. కుదరదు. అది మంచు రూపంలో పైపైనే ఉంటే నెప్ట్యూన్ దగ్గరే ఆవిరవ్వాలి, ప్రతి సెంటార్‌కీ తోక ఉండాలి. కానీ చాలావాటికి లేదు. డేవిడ్ జూయిట్ 2009లో ప్రచురించిన పరిశీలనలో 23 సెంటార్లు చూస్తే 9 మాత్రమే చురుగ్గా ఉన్నాయి. అవి సూర్యుడికి దగ్గరగా వచ్చే దూరం మధ్యస్థంగా 88 కోట్ల కిలోమీటర్లు. నిద్రపోతున్నవాటికి 130 కోట్లు. అంటే వేడికి సంబంధం ఉంది, కానీ ఆ వేడి నీటి మంచుని ఆవిరి చేసేంత కాదు, కార్బన్ మోనాక్సైడ్‌కి మరీ ఎక్కువ. ఆ మధ్య ఉష్ణోగ్రతలో ఇంకేదో జరుగుతోంది.

నాకు బాగా నచ్చిన భాగం ఇదే, కొంచెం నెమ్మదిగా వినండి. మన ఫ్రిజ్‌లో మంచులో అణువులు వరసగా పేర్చినట్టు ఉంటాయి. విపరీతమైన చలిలో నీటి ఆవిరి ఒక్కసారిగా గడ్డకడితే ఆ టైమ్ ఉండదు, ఎలా పడితే అలా ఇరుక్కుపోతాయి. దీన్ని అమార్ఫస్ మంచు అంటారు. ట్రాక్టర్ ట్రాలీ ఎత్తి ఇటుకలు గుమ్మరిస్తే మధ్యలో ఎన్ని సందులు ఉంటాయో ఊహించుకోండి. ఆ సందుల్లో కార్బన్ మోనాక్సైడ్ లాంటి గ్యాసులు చిక్కుకుని ఉంటాయి. ఉష్ణోగ్రత మైనస్ 150 ప్రాంతానికి వచ్చేసరికి ఇటుకలు వాటంతటవే సర్దుకోవడం మొదలవుతుంది. సందులు మూసుకుపోతాయి, లోపలున్న గ్యాస్ బయటికి తన్నుకొస్తుంది, పైగా ఆ మార్పులో కొంత వేడి కూడా పుడుతుంది. నీరు ఆవిరి కాలేదు, మంచు మంచుగానే ఉంది, కానీ తోక వచ్చేసింది. తోకచుక్కల్లో ఇలాంటి మంచుని నేరుగా చూసినవాళ్లు ఇంకా లేరు, ఇవన్నీ పరోక్ష ఆధారాలే. అయినా ఇప్పటివరకు ఉన్న వివరణల్లో నాకు ఇదే బలంగా కనిపిస్తోంది.

అన్నీ ఇందులో ఒదుగుతాయా అంటే లేదు. 1927లో జర్మనీలో కనిపెట్టిన 29పీ అనే తోకచుక్క ఉంది. దాని కక్ష్య దాదాపు గుండ్రం, సూర్యుడికి 90 కోట్ల కిలోమీటర్ల దగ్గరే తిరుగుతుంటుంది. దూరం పెద్దగా మారదు, వేడీ మారదు. అయినా ఏడాదికి సగటున ఏడు సార్లు ఉన్నట్టుండి భగ్గుమంటుంది. ఎకిక్లస్ అనే ఇంకో సెంటార్ 2005 డిసెంబర్ చివర్లో కైరాన్ తిరిగే లాంటి దూరంలోనే పేలినట్టు వెలిగింది, మేఘం నడిబొడ్డు అసలు వస్తువుకి పక్కకి జరిగి కనిపించింది.

మన కైరాన్ కూడా అంత బుద్ధిమంతుడు కాదు. 1996లో సూర్యుడికి దగ్గరగా వచ్చింది. కానీ పాత ఫొటో ప్లేట్లు తిరగేస్తే, 1970 ప్రాంతంలో అత్యంత దూరంగా ఉన్నప్పుడు కూడా మామూలు కంటే వెలుగుతూనే ఉంది. మళ్లీ దూరపు చివరకి చేరిన 2021లోనూ ప్రకాశం పెరిగింది. ఎండాకాలంలో డాబా ఇంట్లో పడుకున్నవాళ్లకి ఒక సంగతి తెలుసు. ఎండ కాసేది మధ్యాహ్నం, శ్లాబు ఆ వేడిని లోపలికి దించేది రాత్రి పదింటికి. సుమారు 200 కిలోమీటర్ల వస్తువు, పైన నల్లటి పొడి పొర... లోపలికి వేడి చేరడానికి ఏళ్లు పట్టొచ్చు. ఇది ఒక ఆలోచన మాత్రమే. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ దీన్ని చూసినప్పుడు ఆ దూరంలోనే కోమాలో కార్బన్ డయాక్సైడ్, మీథేన్ గ్యాసులు కనిపించాయి. అంటే తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు.

ఇదంతా మనకెందుకు అంటారా? తోకచుక్కల్లో 460 కోట్ల ఏళ్ల నాటి సరుకు చెక్కుచెదరకుండా ఉంటుందని ప్రతి థంబ్‌నెయిల్ మీదా రాసేస్తాం. కానీ గురుడి ప్రభావంలో చిన్న కక్ష్యల్లో తిరిగే తోకచుక్కలు ఎక్కువగా నెప్ట్యూన్ అవతలి నుంచి బయలుదేరి, సెంటార్లుగా కొన్ని పదుల లక్షల ఏళ్లు తిరిగి, తర్వాతే లోపలికొస్తాయి. 2014లో ఫిలే దిగిన 67పీ కూడా అలాంటి బాపతే, 1959లో గురుడు లాగాక ఇంకా లోపలికొచ్చింది. ఒకసారి సర్దుకున్న ఇటుకలు మళ్లీ చెదరవు. మన దగ్గరికి చేరేసరికి సీల్ అప్పటికే విప్పేసి ఉండొచ్చు. విప్పుతున్నప్పుడు చూడాలంటే సెంటార్ల దగ్గరికే వెళ్లాలి, ఇంతవరకు ఒక్క స్పేస్‌క్రాఫ్ట్ కూడా వెళ్లలేదు.

ఒకటి మాత్రం తనే వస్తోంది. 2019లో హవాయిలోని అట్లాస్ టెలిస్కోప్ పట్టుకున్న ఎల్‌డీ2. ఇప్పుడు గురుడి కక్ష్య దగ్గర తిరుగుతోంది, 2063లో గురుడికి బాగా దగ్గరగా వెళ్లి, ఆ లాగుడుకి లోపలి కక్ష్యలోకి మారుతుందని లెక్కలు చెప్తున్నాయి. హేలీ తోకచుక్క మళ్లీ వచ్చేది 2061లో, అది చూసిన రెండేళ్లకి ఇది. ఈ వీడియో చూస్తున్న ఇరవై ఏళ్లవాళ్లకి అప్పటికి అరవై దగ్గరపడొచ్చు.

కైరాన్ ఫోన్ కెమెరాకి అందదు, అడగకండి. 29పీ మాత్రం భగ్గుమన్నప్పుడు ఇంట్లో ఓ మోస్తరు టెలిస్కోప్, కెమెరా ఉన్న అమెచ్యూర్లకి కూడా దొరుకుతుంది. దాన్ని ఏళ్ల తరబడి వదలకుండా ఫొటోలు తీస్తున్నది ఎక్కువగా వాళ్లే. ఎలా తీస్తారో, ఏ ఎక్విప్‌మెంట్ కావాలో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.