పండుగ తగ్గింపు అమ్మకములు – ఊరి అంగడి

కోతల కాలమున ధాన్యమంతయు ఒక్కసారిగా మార్కెట్టునకు చేరినచో ధర యేమగునో రైతు సోదరులకు వేరుగ చెప్పనక్కఱలేదు. సరకు గుంపుగా వచ్చుట వర్తకమును తారుమారు చేసినట్లే, కొనువారు గుంపుగా వచ్చుటయు చేయును. దసరా, దీపావళి దినములలో ఆన్‌లైను సంస్థలు జరుపు తగ్గింపు అమ్మకములు ఇట్టివి.

మన దేశమున వీనికి ప్రసిద్ధి తెచ్చినది ఫ్లిప్‌కార్ట్ సంస్థ 2014 అక్టోబరు 6వ తేదీన జరిపిన ‘బిగ్ బిలియన్ డే’. పది గంటలలో సుమారు 600 కోట్ల రూపాయల సరకు అమ్ముడుపోయినదని ఆ సంస్థ ప్రకటించెను. రద్దీకి ఏర్పాట్లు చాలకపోవుటచే మరునాడే స్థాపకులు కొనుగోలుదారులను క్షమాపణ వేడిరి. మరుసటి యేటినుండి ఈ అమ్మకము పలు దినములకు విస్తరించెను. అమెజాన్ మొదలగు సంస్థలును అదే కాలమున పోటీకి దిగినవి.

వీని వలన తక్కిన వర్తకమునకు కలుగు ఫలితములు ముఖ్యముగా మూడు.

మొదటిది, కొనుగోలు కాలము మారుట. శ్రావణమున కొనదలచిన టెలివిజను దసరాకు వాయిదా పడును. సంక్రాంతికి కొనదలచినది ముందునకు జరుగును. కావున పండుగకు ముందు వెనుకల అంగళ్లలో బేరము సన్నగిల్లును.

రెండవది, ధరల పోటీ. తగ్గింపు సొమ్మును తయారీదారులు, అమ్మకపుదారులు, బ్యాంకులు, ఆ సంస్థలు తలకొంత భరింతురు. పెద్ద మూలధనము లేని పట్టణపు వర్తకునకు ఆ భారమును పంచుకొనువారు లేరు. ధర తగ్గించినచో నష్టము. తగ్గింపకున్నచో బేరము పోవును.

మూడవది మనకు మిక్కిలి ముఖ్యము. ఆన్‌లైనున కొనువారు రొక్కముతోనో, బ్యాంకు వాయిదాలతోనో కొందురు. పంట చేతికి వచ్చువరకు ఖాతా వ్రాసి అరువిచ్చువాడు ఊరి అంగడివాడే. రొక్కపు బేరమంతయు బయటికి పోయి, అరువు బేరమొక్కటే అతనికి మిగిలినచో ఆ యంగడి యెంతకాలము నిలుచును? అది మూతపడిన నాడు అరువును పోవును.

ప్రభుత్వము ఈ విషయమున ఊరకుండలేదు. విదేశీ పెట్టుబడి గల ఆన్‌లైను సంస్థలు ఏ వర్తకునిగాని తమయొద్దనే అమ్మవలెనని నిర్బంధింపరాదని 2019 ఫిబ్రవరి 1 నుండి నియమము అమలునకు వచ్చెను.

అయినను, దూరపు వస్తువులు గ్రామమునకు చౌకగా చేరుట మేలే కాని కీడు గాదు. కొనుటకు ముందు నెలనాటి ధర, వాయిదాల వడ్డీ, మరమ్మతు చేయువారెవరు అను మూడింటిని లెక్కవేయుడు. ఊరి అంగడివాని ధరయు ఒకసారి అడుగుడు. తేడా స్వల్పమైనచో, అవసరమునకు అరువిచ్చు చేతిని నిలుపుటయు లాభముగనే యెంచవలెను.