యాడికిలో ఒక టెర్మినల్

"ఎక్కడికయ్యా?" అంటే "యాడికి" అని చెప్పి కండక్టరును తికమక పెట్టే ఊరు మాది. 1984లో మొదలైన క్లాస్ పథకం బడులకు తెచ్చిన బీబీసీ మైక్రో రకం యంత్రం ఒకటి పాత సామాన్లలో నాకు దొరికింది. దాని ఫ్లాపీలో మా సారు ఎక్కించిన వానల లెక్కలున్నాయి. అవి పోతే మళ్లీ రావు.

వాటిని బయటికి తేవాలంటే ఇది ఇప్పటి కంప్యూటరుతో మాట్లాడాలి. వెనకనున్న ఆర్‌ఎస్423 సాకెట్టుకు తీగ కలిపి, వేగం 9600కు కుదిర్చి, చిన్న బేసిక్ ప్రోగ్రాము రాశాను. అక్షరాలొచ్చాయి గానీ తెరంతా బ్రాకెట్లూ అంకెలే! "తెర తుడువు" అనడానికి అవతలిది 1978 నాటి వీటీ100 పద్ధతిలో ఎస్కేప్, బ్రాకెట్టు, 2, జే పంపుతుంది. బీబీసీకి ఆ పని చేసేది 12వ సంకేతం. ఎస్కేప్‌ను అది పట్టించుకోదు, మిగిలింది అచ్చేస్తుంది. ఈ దుబాసీ పనే టెర్మినల్ ఎమ్యులేటరుది.

వెదికితే ఏకార్న్ వారి టెర్ములేటర్, కంప్యూటర్ కాన్సెప్ట్స్ వారి కమ్యూనికేటర్ కనబడ్డాయి. రెండూ రోమ్ చిప్పులే, అదీ మంచిదే. వరుసకు 80 అక్షరాలు చూపే మోడ్ 3 ఒక్కటే 32 కేబీలో సగం మింగేస్తుంది మరి!

ఫైళ్లకు మాత్రం లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వారి కెర్మిట్ తీసుకున్నాను. అది ముక్కముక్కనూ సరిచూసి, తేడా వస్తే మళ్లీ పంపిస్తుంది. మొన్న మొదటి ఫైలు దిగింది. ఆగస్టు గళ్లలో వరసగా సున్నాలు. తీగ తప్పేమోనని ఇంకోసారి పంపించాను. అవే సున్నాలు.