మూడు దేశాల విస్కీ: గింజ, పొగ, పీపా తేల్చే రుచి
(మా వాణిజ్య ప్రతినిధి)

విస్కీ అనగానే అంతా ఒకటే సరుకని భావించేవారు వర్తకుల్లో కూడా లేకపోలేదు. సీసా మీద దేశం పేరు, వయసు అంకె చూసి వెల కట్టడం పరిపాటి అయింది. ఐర్లండ్, స్కాట్లండ్, అమెరికా సరుకులను పక్కపక్కన పెట్టి మచ్చు చూసినవారికి మాత్రం ఇవి ఒకే పేరుతో చలామణీ అవుతున్న మూడు వేర్వేరు సరుకులని ఇట్టే బోధపడుతుంది. ఒకదాని కొలతతో మరొకదానికి ధర కడితే నష్టపోయేది కొన్నవాడే.

మూడింటి తయారీకీ మూలసూత్రం ఒకటే. ధాన్యాన్ని పులియబెట్టి, బట్టీలో కాచి, కర్ర పీపాల్లో ఏళ్ల తరబడి నిల్వ ఉంచుతారు. ఏ గింజ వాడారు, దాన్ని ఏ మంట మీద ఆరబెట్టారు, ఎన్నిసార్లు కాచారు, ఎలాంటి పీపాలో పోశారు అన్న నాలుగు విషయాలను బట్టి రుచి మారుతుంది.

ఐరిష్ సరుకు

జేమ్సన్, బుష్‌మిల్స్ వంటి పేరుమోసిన ఐరిష్ రకాలను 3 సార్లు కాచుతారు. దీనివల్ల బరువైన వాసనలు చాలావరకు తొలగి, సరుకు తేలికవుతుంది. తేనె, పచ్చి ఆపిల్ వంటి వాసన, గొంతులో గుచ్చుకోని మెత్తదనం దీని లక్షణాలు. కొత్తగా రుచి చూసేవారికి ఇదే నప్పుతుంది. అయితే 3 సార్లు కాచి తీరాలన్న చట్టమేదీ లేదు. 2 సార్లే కాచి, పొగ వాసన పట్టించిన కనమారా వంటి ఐరిష్ రకం కూడా ఉంది.

ఐర్లండ్‌కే ప్రత్యేకమైనది 'పాట్ స్టిల్' రకం. ఇందులో మొలకెత్తించిన బార్లీ, మొలకెత్తించని బార్లీ ఒక్కొక్కటి కనీసం 30 శాతం ఉండాలి. 18వ శతాబ్దంలో మొలక బార్లీ మీద పన్ను పడడంతో బట్టీల యజమానులు పచ్చి గింజ వాడకం పెంచారు. పన్ను భారం తగ్గించుకోవడానికి చేసిన ఏర్పాటు ఒక రుచిగా స్థిరపడిపోయింది. రెడ్‌బ్రెస్ట్, గ్రీన్ స్పాట్ ఈ కోవకు చెందినవి. నాలుకకు నూనెలాంటి చిక్కదనం, ఆ వెనుక మిరియాలు, లవంగాల ఘాటు తగులుతాయి.

స్కాచ్ సరుకు

స్కాచ్ అంటే పొగ వాసన అన్న అభిప్రాయం సగమే నిజం. చిత్తడి నేలల్లో మొక్కలు కుళ్లి ఏర్పడే పీట్ అనే మట్టిని ఎండబెట్టి, దాని మంట మీద బార్లీని ఆరబెట్టినప్పుడే ఆ పొగ గింజకు పడుతుంది. ఐలా దీవి నుంచి వచ్చే లఫ్రోయిగ్, లగవూలిన్, ఆర్డ్‌బెగ్ రకాల్లో ఇది జోరుగా ఉంటుంది. టింక్చర్ అయోడిన్‌ను తలపించే ఈ వాసన కొందరికి ప్రాణం, కొందరికి వికారం. స్పేసైడ్ ప్రాంతపు గ్లెన్‌ఫిడిక్, గ్లెన్‌లివెట్ రకాల్లో ఆ పొగ దాదాపు కనిపించదు. పళ్లు, తేనె వాసన ముందుకు వస్తుంది. ఎక్కువగా అమ్ముడయ్యే బ్లెండెడ్ స్కాచ్‌లో మాల్ట్ విస్కీకి తేలికైన ధాన్యపు విస్కీ కలుపుతారు.

అమెరికా సరుకు

బర్బన్‌లో మొక్కజొన్న కనీసం 51 శాతం ఉండాలి. దాన్ని లోపలి వైపు నిప్పుతో మాడ్చిన కొత్త ఓక్ పీపాలోనే నిల్వ చేయాలి. మొక్కజొన్న వల్ల తీపి, మాడిన కర్ర వల్ల వెనిల్లా, పంచదార పాకం వాసన వస్తాయి. రై ధాన్యం ప్రధానమైన రకంలో తీపి తగ్గి, మిరియాల ఘాటు, పొడిదనం పెరుగుతాయి. టెనెసీకి చెందిన జాక్ డేనియల్స్‌ను పీపాలో పోయకముందు మేపుల్ కర్ర బొగ్గు గుండా వడగడతారు. అందువల్ల కరుకుదనం తగ్గుతుంది.

పీపాల బేరం

అమెరికా నిబంధన ప్రకారం ఒకసారి వాడిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. సుమారు 200 లీటర్లు పట్టే ఈ పీపాలు స్కాట్లండ్, ఐర్లండ్‌లకు తరలిపోతాయి. అక్కడి విస్కీలో తగిలే వెనిల్లా వాసన చాలావరకు ఈ అమెరికా కర్ర నుంచి వచ్చినదే. షెర్రీ ద్రాక్షసారా నిల్వ చేసిన పీపాలైతే ఎండు ద్రాక్ష, ఖర్జూరం వంటి రుచి ఇస్తాయి.

వయసు అంకె విషయంలో వర్తకులు జాగ్రత్త వహించవలసింది ఇక్కడే. స్కాచ్, ఐరిష్ సరుకులకు కనీస నిల్వ 3 ఏళ్లు, 'స్ట్రెయిట్' బర్బన్‌కు 2 ఏళ్లు. కొత్త పీపా, కెంటకీ వేసవి ఎండ కలిసి కర్రలోని సారాన్ని త్వరగా లాగుతాయి. 6 ఏళ్ల బర్బన్‌ను 12 ఏళ్ల స్కాచ్ ముందు సగం సరుకుగా చూడడం సరికాదు. అదే బర్బన్‌ను మరీ ఎక్కువ కాలం ఉంచితే వగరెక్కే ప్రమాదమూ ఉంది.

పైగా నిల్వ అంటే తరుగు. స్కాట్లండ్‌లో ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దీనికి అక్కడివారు పెట్టుకున్న పేరు 'దేవదూతల వాటా'. ఆ లెక్కన 12 ఏళ్లలో పీపాలో అయిదో వంతు గాలిలో కలుస్తుంది. కెంటకీలో తరుగు ఇంకా అధికం. వయసు పెరిగిన సరుకు ధరలో ఈ తరుగు, గోదాము ఖర్చు, వడ్డీ కలిసే ఉంటాయి. రంగు చూసి మోసపోరాదు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి చట్టం అనుమతిస్తుంది. స్ట్రెయిట్ బర్బన్‌లో అది నిషిద్ధం.

రుచి మారితే బజారు మారింది

రుచిని అంచనా వేయడంలో పొరపడితే ఎంత నష్టమో ఐర్లండ్ చరిత్రే చెబుతుంది. 19వ శతాబ్దంలో డబ్లిన్ విస్కీకి ఎదురులేదు. ఆ నగరంలోనే ఎక్సైజ్ అధికారిగా పనిచేసిన ఏనియస్ కాఫీ 1830లో ఎడతెగకుండా సారా దించే నిలువు బట్టీకి పేటెంట్ పొందాడు. దాని సరుకు చప్పగా ఉంటుందని డబ్లిన్ పెద్దలు తోసిపుచ్చారు. స్కాట్లండ్ వర్తకులు అదే సరుకును మాల్ట్‌తో కలిపి, తేలికగా, చౌకగా, ఎప్పుడూ ఒకే రుచిలో ఉండేలా అమ్మారు. గిరాకీ అటు మళ్లింది. 1920-33 మధ్య అమెరికాలో మద్యనిషేధం ఐరిష్ ఎగుమతులను మరింత దెబ్బతీసింది. 1970ల మధ్యకు ఐర్లండ్ ద్వీపంలో మిగిలినవి మిడిల్‌టన్, బుష్‌మిల్స్ బట్టీలే. తర్వాతి దశాబ్దాల్లో గిరాకీ తిరిగి పుంజుకొని, కొత్త బట్టీలు వెలిశాయి.

మన దేశంలోనూ లెక్కలు మారుతున్నాయి. 150 శాతంగా ఉన్న సుంకాన్ని బర్బన్‌పై 2025 ఫిబ్రవరిలో 100 శాతానికి తగ్గించారు. 2025 జూలైలో బ్రిటన్‌తో సంతకాలైన ఒప్పందం స్కాచ్‌పై సుంకాన్ని 75 శాతానికి, క్రమంగా 10 ఏళ్లలో 40 శాతానికి దించాలని నిర్దేశించింది. ధరల మధ్య దూరం తగ్గేకొద్దీ కొనేవాడు రుచి అడగడం సహజం.

మచ్చు చూడదలచినవారు ముందు ఐరిష్, పిదప బర్బన్, చివర పొగ పట్టిన స్కాచ్ చూడాలి. వరుస తిరగబడితే పొగ నాలుకను కప్పేసి, తక్కిన రెండూ చప్పగా తోస్తాయి. ఐసు వేస్తే వాసన అణగిపోతుంది. కొద్దిగా నీళ్లు కలిపితే విచ్చుకుంటుంది. ఆరితేరిన బ్లెండర్లు సరుకును నీటితో పలుచన చేసి, ఎక్కువగా ముక్కుతోనే తేల్చేస్తారు. మచ్చుకు గుటక వేయనక్కరలేదు.