జెండాలో లేని ఆరెంజ్: హాలండా, నెదర్లాండ్సా, డచ్చా?



2023 అక్టోబర్ 9, ఉప్పల్ స్టేడియం. వరల్డ్ కప్‌లో న్యూజిలాండ్, నెదర్లాండ్స్ మ్యాచ్. నిజం చెప్తున్నా, టికెట్ ఈజీగా దొరికిందని వెళ్లాను. పైగా నెదర్లాండ్స్ టీంలో మన బెజవాడలో పుట్టిన తేజ నిడమనూరు ఉన్నాడు. ఆ జూన్‌లో క్వాలిఫయర్స్‌లో వెస్టిండీస్ మీద 111 కొట్టింది ఇతనే.

నా పక్క సీట్లో ఒక పదేళ్ల బాబు వాళ్ల నాన్నని అడిగాడు: "నాన్నా, వీళ్ల జెర్సీ ఆరెంజ్ కదా, మరి జెండాలో ఆరెంజ్ లేదేంటి?" ఆయన "హాలండ్ వాళ్లు అంతే రా" అన్నారు. "హాలండ్ కాదు నాన్నా, బోర్డు మీద నెదర్లాండ్స్ అని ఉంది." వెనక వరసలోంచి ఇంకొకాయన "వాళ్లని డచ్ వాళ్లంటారు బాబూ" అన్నారు. ఒక దేశం, మూడు పేర్లు. జెండాలో లేని రంగు ఒంటి మీద. ఆ బాబుకి అప్పుడు నేనూ ఏం చెప్పలేకపోయాను. ఇవాళ చెప్తాను.

ఫస్ట్ పేర్ల సంగతి. దేశం పేరు నెదర్లాండ్స్. అంటే పల్లపు నేలలు అని అర్థం. అక్కడ దాదాపు నాలుగో వంతు భూమి సముద్ర మట్టం కన్నా కిందే ఉంది. కట్టలు కట్టి, నీళ్లు తోడి కాపాడుకుంటున్న నేల అది.

హాలండ్ అనేది అందులో ఒక భాగం, అంతే. మొత్తం 12 ప్రావిన్సులు ఉంటే, వాటిలో రెండు నార్త్ హాలండ్, సౌత్ హాలండ్. 1840 వరకు ఈ రెండూ ఒకటే. కాకపోతే ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, ది హేగ్, అన్నీ వీటిలోనే ఉన్నాయి. పేరున్న ఊళ్లన్నీ అక్కడే ఉండేసరికి దేశం మొత్తానికీ ఆ పేరే అతుక్కుపోయింది.

దీని వెనక వ్యాపారం కూడా ఉంది. 1602లో పెట్టిన డచ్ ఈస్టిండియా కంపెనీకి ఆరు శాఖలు ఉండేవి. అందులో ఐదు హాలండ్ ఊళ్లలోనే, ఒక్కటే జీలండ్‌లో. అంటే బయటి ప్రపంచానికి వచ్చిన ఓడలు ఎక్కువగా హాలండ్ నుంచి వచ్చినవే. మన తీరానికీ వచ్చాయి. 1606కల్లా వాళ్లు మచిలీపట్నంలో వర్తకం మొదలుపెట్టారు. మనవాళ్లు వాళ్లని ఒలందా వాళ్లు, వలందా వాళ్లు అన్నారు. హాలండ్ అన్న మాటే మన నోట్లో అలా మారింది. బందరులో వలందపాలెం ఇప్పటికీ ఉంది. మనమూ అప్పుడే ఆ తప్పు పేరుతో మొదలుపెట్టామన్నమాట!

మరి డచ్? "ప్రజలది" అనే అర్థం ఉన్న ఒక పాత మాట నుంచి వచ్చింది. జర్మన్లు తమని తాము డాయిచ్ అనుకుంటారు కదా, దానిదీ అదే మూలం. ఇంగ్లీషు వాళ్లు ఒకప్పుడు ఇద్దర్నీ కలిపి డచ్ అనేవాళ్లు. తర్వాత ఆ పేరు వీళ్లకి మాత్రమే మిగిలింది. వాళ్లు మాత్రం తమ దేశాన్ని నేడర్లాండ్ అని, భాషని నేడర్లాండ్స్ అని అంటారు.

ఇంకో ట్విస్ట్. ఒకప్పుడు హాలండ్ అనేది అఫీషియల్ పేరు కూడా! 1806లో నెపోలియన్ తన తమ్ముడు లూయీని అక్కడ రాజుగా కూర్చోబెట్టి హాలండ్ రాజ్యం అన్నాడు. నాలుగేళ్లకే, 1810లో, దాన్ని ఫ్రాన్స్‌లో కలిపేసుకున్నాడు. 1815 నుంచి నెదర్లాండ్స్ రాజ్యం. ఇప్పుడు ఆ రాజ్యంలో నాలుగు దేశాలు: నెదర్లాండ్స్, ఇంకా కరీబియన్ సముద్రంలో అరూబా, క్యురసావో, సింట్ మార్టెన్.

"అన్నా, పేరే కదా, ఏదైతే ఏంటి?" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నాను. నా మొదటి ఉద్యోగంలో ఒక రిజిస్ట్రేషన్ ఫామ్ రాశాను. దేశాల లిస్టులో హాలండ్ అని పెట్టాను. టెస్టింగ్‌లో ఎవరూ పట్టుకోలేదు. క్లయింట్ వైపు నుంచి కాల్‌లోకి వచ్చినాయనది ఫ్రీస్‌లాండ్, ఉత్తరాన ఉండే ప్రావిన్సు. వాళ్లకి ఫ్రీజియన్ అని సొంత భాష ఉంది, అక్కడ దానికి అధికార హోదా కూడా ఉంది. ఆయన కోప్పడలేదు. "ఈ లిస్టులో నా దేశం లేదు" అన్నారంతే. ఒక్క లైన్ మార్చాను, అయిపోయింది. కానీ ఆ మాట నన్ను వదల్లేదు.

ఎందుకంటే అదే ఏడాది, వేరే రాష్ట్రంలో, నన్నూ మా రూమ్మేట్‌నీ అందరూ మద్రాసీ అనేవాళ్లు. నాది గుంటూరు. మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి 1953లో ఆంధ్ర రాష్ట్రం తెచ్చుకున్నాం, ఇంకా మద్రాసీ ఏంటి అని నాకు మండేది. మా రూమ్మేట్‌ది వరంగల్. వాడికి ఇంకా మంట, వాడి ఊరు మద్రాసు రాష్ట్రంలో ఎప్పుడూ లేదు కదా!

సరే, ఇప్పుడు జెండా. 1568లో ఈ ప్రాంతాలు స్పెయిన్ రాజు మీద తిరగబడ్డాయి. 80 ఏళ్ల యుద్ధం, 1648 దాకా. నాయకుడు విలియం ఆఫ్ ఆరెంజ్. ఈ ఆరెంజ్ పండు కాదు, ఫ్రాన్స్ దక్షిణాన ఉన్న ఒక ఊరు. రోమన్ల కాలంలో దాని పేరు అరౌసియో. 11 ఏళ్ల వయసులో విలియంకి ఆ సంస్థానం వారసత్వంగా వచ్చింది. పండు పేరు వేరే దారిలో, మన నారింజ, నారంగ అన్న మాటల వైపు నుంచి పర్షియన్, అరబిక్ మీదుగా యూరప్ చేరింది. రెండూ ఒకేలా వినపడేసరికి ఊరి పేరు కాస్తా రంగైపోయింది.

విలియం మనుషులు ఆరెంజ్, తెలుపు, నీలం జెండా ఎగరేశారు. దాన్ని ప్రిన్స్ జెండా అనేవాళ్లు. 1600ల మధ్యకి వచ్చేసరికి ఆరెంజ్ పోయి ఎరుపు వచ్చింది. ఎందుకు? ఉప్పుగాలికి, ఎండకి ఆరెంజ్ అద్దకం నిలవదని, ఎరుపైతే సముద్రం మీద దూరం నుంచి కనపడుతుందని ఒక వివరణ. 1650 తర్వాత కొన్నేళ్లు ఆరెంజ్ వంశాన్ని అధికారానికి దూరంగా ఉంచారు కాబట్టి ఆ రంగునీ పక్కన పెట్టారని ఇంకో వివరణ. దేశం ఒక కుటుంబానిదా, అందరిదా అన్న గొడవ జెండా మీదే జరిగిందన్నమాట.

అది 1930ల్లో మళ్లీ లేచింది. అక్కడి నాజీ పార్టీ పాత ఆరెంజ్ జెండాని తమ గుర్తుగా వాడుకోవడం మొదలుపెట్టింది. 1937 ఫిబ్రవరి 19న విల్హెల్మినా రాణి ఆర్డర్ ఇచ్చారు: జెండా రంగులు ఎరుపు, తెలుపు, నీలం. చూడండి, ఆమెదే ఆరెంజ్ వంశం. అయినా జెండాలో ఆరెంజ్ లేకుండానే ఖాయం చేశారు.

అలాగని ఆరెంజ్ పోలేదు. రాజు పుట్టినరోజు ఏప్రిల్ 27న జెండా పైన పొడవాటి ఆరెంజ్ పట్టీ కడతారు. ఆటల్లో జెర్సీ ఆరెంజే. ఇంకోటి నాకు భలే నచ్చింది. అక్కడ పిల్లలు హైస్కూల్ పాసైతే ఇంటి ముందు జెండా కట్టి, దాని కర్రకి స్కూల్ బ్యాగ్ వేలాడదీస్తారు. ఎవరింట్లో పాసయ్యారో వీధంతా తెలిసిపోతుంది. మన ఇంటర్ రిజల్ట్స్ రోజున ఇలా ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

పేరు విషయంలోనూ ప్రభుత్వం దిగొచ్చింది. తామే ఏళ్ల తరబడి టూరిజం ప్రచారంలో హాలండ్ అని వాడుకుని, 2020 జనవరి 1 నుంచి మానేశారు. ఇప్పుడంతా నెదర్లాండ్సే.

చివరగా ఒక్క మాట. మద్రాసీ అంటే మండిపోయిన నేనే, ఆఫీసులో మా వరంగల్ రూమ్మేట్‌ని పరిచయం చేస్తూ "మా ఆంధ్రా వాడే" అన్నాను. అదీ తెలంగాణ వచ్చాక. వాడు అందరి ముందూ ఏమీ అనలేదు. రూముకి వచ్చాక "నువ్వు కూడానా రా?" అన్నాడు. ఫామ్‌లో ఒక లైన్ మార్చినంత ఈజీ కాదు అది. సారీ చెప్పాను, రెండు రోజులు పట్టింది వాడు మామూలుగా మాట్లాడటానికి.

సో ఫ్రెండ్స్, ఎవరిదైనా ఊరు, దేశం పేరు డౌటుంటే వాళ్లనే అడగండి. మిమ్మల్ని ఎవరైనా వేరే పేరుతో పిలిచారా? కామెంట్స్‌లో చెప్పండి. ఉప్పల్లో నా పక్కన కూర్చున్న బాబూ, నువ్వు ఇది చూస్తుంటే, నీ ప్రశ్న చాలా మంచిది రా. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.