వెదురు బద్ద విల్లగు విధము

మదనపల్లె నుండి కదిరి పోవు బాటలో అంగళ్లు అను ఊరు కలదు. అంగడి ఆ ఊరి పేరులోనే ఉన్నది. అట్టి ఊళ్ళలో కావడి మోయువానిని గమనించి చూచినవారికి విల్లు చేయుటలోని మొదటి పాఠము వేరుగ చెప్పనక్కరలేదు. బరువు రెండు కొనల వ్రేలాడుచుండగా, కావడిబద్ద అడుగు అడుగునకు వంగును, లేచును, కాని విరుగదు. నడుమ దళసరిగను, కొనలకు పోను పోను సన్నముగను చెక్కబడి యుండుటచే వంపు ఒక్కచోట కూడుకొనక బద్ద పొడవునంతట పంచబడుచున్నది. ఎక్కడనైనను ఒకచోట మరీ పలుచబడెనా, భారమంతయు అచ్చటికే చేరును. బద్ద అచ్చటనే విరుగును. విల్లు చేయబూనువాడు నేర్వవలసినది ముఖ్యముగ ఈ ఒక్క విషయమే. తక్కినవన్నియు దీనిలోనివే.

విల్లును వంచినపుడు కఱ్ఱలో ఏమి జరుగుచున్నదో కొంచెము తెలిసికొనుట మంచిది. విలుకానికి ఎదుటివైపున నుండు తలమును విల్లు వీపనియు, అతనివైపు నుండు తలమును పొట్ట అనియు అందము. వంచినపుడు వీపు సాగును, పొట్ట నొక్కుకొనును. సాగు వైపున నారపోగు ఒక్కటి తెగియున్నను అచ్చట పేడు లేచి విల్లు చీలును. కావున వీపును కత్తి తాకరాదు. చెక్కవలసినదంతయు పొట్టవైపుననే చెక్కవలెను. ఆంగ్లేయుల ప్రసిద్ధమైన పొడవు విండ్లు యూ అను చెట్టు కలపతో చేయబడినవి. ఆ చెట్టు వెలుపలి తెల్లకలప సాగుటకును, లోపలి చేవ నొక్కుడును ఓర్చుటకును తగియున్నవి. 1545లో మునిగిన మేరీ రోజ్ అను యుద్ధనౌకను 1982లో సముద్రమునుండి పైకెత్తిరి. అందు నూటికి పైగా విండ్లు దొరకినవి. ఆ కాలపు పనివారు కలపను ఎట్లు ఎంచుకొనిరో అవి నేటికిని తెలుపుచున్నవి.

మనకు యూ చెట్టు లేదని చింతింప బనిలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో ఆయుధాగారాధ్యక్షుని ప్రకరణమున తాటి, వెదురు, కలప, కొమ్ము అను నాలుగింటితో చేయు విండ్లు పేర్కొనబడినవి. సంస్కృతమున ధన్వన మనబడు చెట్టు మన అడవులలో కలదు. తెలుగున దానిని చరచి అందురు. ఆ పేరులోనే ధనువున్నది. దాని కలప సాగుడు గుణము గలది. కావడిబద్దలకును, పడవ తెడ్లకును వాడుదురు. అయినను మొదటిసారి పనిచేయువారికి నేను వెదురునే చెప్పుదును. కలప విల్లునకు వీపున ఒకే వార్షిక వలయము చెక్కుచెదరక నిలుచునట్లు చూచుకొనవలెను. అది చేయి తిరిగినవారికే సాధ్యము. వెదురునందు ఆ పని ప్రకృతియే చేసిపెట్టినది. దాని పైతొక్క క్రింద నారలు మిక్కిలి దట్టముగ నుండును. లోనికి పోను పోను పలుచబడును. అనగా వీపు సిద్ధముగనే యున్నది. పుంగనూరు, కుప్పము ప్రాంతములలో విస్తారముగ కానవచ్చు చింత కలపను చూచి ఆశపడకుడు. గట్టిదే గాని, దాని పోగులు ఒకదానినొకటి పెనవేసికొని యుండును, తిన్నగ చీలదు.

వెదురునకై అడవికి పోవలదు. అది అటవీ చట్టము ఒప్పని పని. తోటలలోను, గట్టులమీదను పెంచిన వెదురును మాత్రము 2017 నాటి సవరణ చెట్ల జాబితానుండి తొలగించినది. మేదరివారిని ఆశ్రయించుట అన్నిటికంటె మేలు. బొంగును చూచినంతనే వారు దాని వయస్సు చెప్పగలరు. మూడేండ్లు దాటినది కావలెను. లేతబొంగు నిగనిగలాడుచు, కణుపుల దగ్గర తెల్లని పొడి కలిగియుండును. ముదిరినది మెరుపు తగ్గి, మచ్చలుపడి యుండును. గోడ మందము 1.5 సెంటీమీటరులకు తగ్గరాదు. లోపల బోలు తక్కువగానుండు సాధనపు వెదురు ఇందుకు శ్రేష్ఠము. అమావాస్యనాడు కొట్టిన వెదురు పుచ్చదని పెద్దలందురు. చంద్రుని మాట ఎట్లున్నను, పిండిపదార్థము తగ్గియుండు పొడికాలమున కొట్టి, కొన్నాళ్ళు నీట నానవేసిన వెదురునకు పురుగు బాధ తక్కువయనుట వాస్తవము. పిమ్మట నీడలో ఆరవలెను. ఎండలో పెట్టిన పగులును.

బొంగును చీల్చుటలో మేదరుల పద్ధతియే పద్ధతి. ఎల్లప్పుడును సగమునకు సగముగ చీల్చవలెను. చీలిక ఒక ప్రక్కకు పోవుచున్నచో, దళసరిగనున్న సగమును ఎక్కువగ వంచిన చీలిక మరల నడిమికి వచ్చును. బద్ద పొడవు విలుకాని ఎత్తుతో సమానముగ, సుమారు 170 సెంటీమీటరులు ఉండనిండు. పొట్టి విల్లు చూడ ముచ్చటగా నుండును గాని త్వరగా విరుగును. నడుమ వెడల్పు 4, కొనల యొద్ద 1.5 సెంటీమీటరులు చాలును. లోపలి కణుపు గోడలను మచ్చుకత్తితో తీసివేయుడు. కాని అచ్చట కొంచెము మందము మిగుల్చుడు. వెలుపలి కణుపుల మిట్టలను ఆకురాయితో నునుపు చేసిన చాలును. పిడి సన్నమనిపించినచో పొట్టవైపున చిన్నచెక్క నొకదానిని చేర్చి దారముతో బిగింపవచ్చును.

ఇక వంపు సరిచేయుట. అసలు పని ఇదియే. తొందరపాటు వలన విండ్లు విరుగునదియు ఇచ్చటనే. గోడకొక మేకుపలక దిగగొట్టి, దానిమీద పిడి ఆనునట్లు విల్లు నుంచుడు. కొనలకు వదులైన పొడుగుత్రాడు కట్టి, క్రింద బావిగిలక నొకదానిని బిగించి, త్రాటిని దాని గుండ లాగుచు ఎదురుగ దూరమున నిలిచి చూడుడు. దూరమున నిలిచిననే వంపు కంటికి తెలియును. విరిగినపుడు ముఖమునకు తగులదు కూడ. వెనుక గోడపై సున్నముతో అడ్డగీతలు గీసికొన్నచో రెండు కొనలును సమముగ దిగుచున్నవో లేదో తేలును. వంగని చోట బొగ్గుతో గుర్తిడి, అచ్చట మాత్రమే గాజుపెంకుతో గీకుడు. ఎక్కువ వంగుచోటిని తాకకుడు. గీకిన ప్రతిమారును ఇరువది ముప్పది పర్యాయములు కొద్దిగ లాగి వదలినగాని ఆ మార్పు పూర్తిగ బయటపడదు.

ఇచ్చట ఒక లెక్క. బద్ద వెడల్పును సగము చేసిన బలము సగమగును. మందమును సగము చేసినచో బలము సుమారు ఎనిమిదవ వంతునకు దిగును. మందములో పదవ వంతు పోయినను బలములో నాలుగవ వంతునకు పైగా పోవును. అందుచే ఆతురపడి గీకిన నాలుగు గీతలు నెలనాళ్ళ పనిని చెరుపగలవు. తీసిన దానిని తిరిగి అతుకలేము. వంకరగ వంగుచున్న విల్లును అంతకంటె ఒక్క అంగుళము కూడ ఎక్కువ లాగరాదు. పొట్టమీద అడ్డముగ ముడత కానవచ్చినచో ఆ చోటు నలిగినదని అర్థము. ఆ విల్లును ఆశ వదలుకొనుట క్షేమము. మొదటి విల్లునకు 10 నుండి 12 కిలోల లాగుడు చాలును. వ్రేలాడదీయు త్రాసుతో కొలిచి చూచుకొనుడు.

నారికి అర్థశాస్త్రము చెప్పిన వస్తువులలో చాగ, జిల్లేడు, జనుము మన బీళ్ళలోను చేలలోను దొరకునవే. ఈనాడు డాక్రాన్ దారము సులభము. నైలాను వలదు, అది సాగును. ఏది వాడినను విల్లు లాగుడునకు నాలుగు రెట్లు బరువు ఆపగలిగి యుండవలెను. ఎక్కుపెట్టినపుడు పిడికిని నారికిని నడుమ పిడికిలి బిగించి బొటనవ్రేలు నిలిపినంత ఎడముండిన సరి.

ఇట్టి విల్లుతో ఏమి చేయుదుమని కొందరడుగవచ్చును. వేటకు కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దానిని నిషేధించినది. మన దేశపు విలువిద్య పోటీలలో ఇండియన్ రౌండ్ అను విభాగము కలదు. అందు వెదురు, కలప విండ్లతో 50, 30 మీటరుల దూరమునుండి గురి కొట్టుదురు. హాంగ్జౌ ఆసియా క్రీడలలో 2023లో మూడు స్వర్ణపతకములు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ చేతిలోనిది కప్పీల అమరిక గల యంత్రపు విల్లు. దాని వెల గ్రామీణ కుటుంబమునకు అందనిది. మేదరివాని బద్ద అట్లు కాదు. పల్లెలోని పిల్లవాడైనను దానితో నేడే గురి మొదలిడవచ్చును.

బాణము లేకుండ నారిని లాగి వదలరాదు. బాణమునకు పోవలసిన శక్తి అంతయు బద్దలోనికే తిరిగివచ్చి చీల్చును. గురికి వెనుక మట్టికట్ట ఉండవలెను, మనుష్యులు తిరుగు దారి ఉండరాదు. ఆట ముగిసిన వెంటనే నారిని దించి, విల్లును గోడకు నిలువుగ ఆనింపక, రెండు మేకులపై అడ్డముగ, పొయ్యికి దూరముగ ఉంచవలెను.