అమెరికా దంతవైద్య కాలేజీలో సీటుకు సిఫార్సు చెల్లదు, పరిచయం కావాలి

పిల్లనిచ్చే ముందు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు ఆరా తీసే అలవాటు మన పల్లెలది. గేదెను కొనే రైతు సైతం రెండు పూటలు పాలు పితికి చూడనిదే బేరం ఖాయం చేసుకోడు. అటువంటి కుటుంబాలే బిడ్డను అమెరికాలో దంతవైద్యం చదివించే విషయంలో మాత్రం ఆ కాలేజీ ఎటువంటిదో, ఎవరిని చేర్చుకుంటుందో విచారించకుండా, ఎవరో మధ్యవర్తి చెప్పిన మాట మీద దరఖాస్తులు పెట్టడం కద్దు.

ఇక్కడ నాలుగేళ్లు చదివి, ఏడాది హౌస్‌సర్జన్సీ చేస్తే బి.డి.ఎస్. పట్టా చేతికి వస్తుంది. ఆ ఒక్క పట్టాతో అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో వైద్యం చేయడానికి వీల్లేదు. అక్కడి గుర్తింపు గల కాలేజీలో మళ్లీ చదివి డి.డి.ఎస్. లేదా డి.ఎం.డి. పట్టా పుచ్చుకోవాలి. పేర్లు వేరైనా ఆ రెంటి విలువ ఒకటే. ఇతర దేశాల్లో చదివి వచ్చిన దంతవైద్యుల కోసం అక్కడి పలు కాలేజీలు 2 నుంచి 3 ఏళ్ల ప్రత్యేక కోర్సులు నడుపుతున్నాయి. శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజిలిస్ నగరాల్లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు, పెన్సిల్వేనియా, మిషిగన్, బోస్టన్ విశ్వవిద్యాలయాలు వాటిలో కొన్ని. చదువు కోసమే విమానం ఎక్కేవారితోపాటు, పెళ్లయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన భర్త వెంట వెళ్లిన మన ఆడపిల్లలు కూడా ఈ కోర్సుల కోసం ప్రయత్నిస్తున్నారు.

ర్యాంకు లేదు, కోటా లేదు

మన దగ్గర నీట్ ర్యాంకు వస్తే చాలు. సీటు ఇచ్చే కాలేజీ విద్యార్థి ముఖం ముందుగా చూడదు. అమెరికా పద్ధతి వేరు. కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా అన్న విభజన అక్కడ లేదు. ఐ.ఎన్.బి.డి.ఇ. అనే జాతీయ పరీక్ష 2020లో మొదలైంది. అందులో 500 ప్రశ్నలుంటాయి. రెండు రోజులు రాయాలి. అయితే ఆ పరీక్షలో నెగ్గినవారికి 'పాస్' అనే చెబుతారు తప్ప మార్కులు చూపి ఒకరికంటే ఒకరు మిన్న అనరు.

అందుచేత కాలేజీలు మిగతావన్నీ తూచి చూస్తాయి. ఇంగ్లీషు పరీక్ష, ఇక్కడి మార్కులు, గురువుల లేఖలు, అభ్యర్థి స్వయంగా రాసుకున్న వివరణ, ఇంటర్వ్యూ లెక్కలోకి వస్తాయి. చాలా కాలేజీలు చేతిపని కూడా పరీక్షిస్తాయి. ప్లాస్టిక్ పన్ను ఇచ్చి, తొడుగు వేయడానికి అనువుగా చెక్కి చూపమంటాయి. మనిషిని చూసి సీటు ఇచ్చే పద్ధతి కాబట్టే ముందస్తు పరిచయానికి విలువ వచ్చింది.

పరిచయం అంటే...

పరిచయం అనగానే పలుకుబడి అనుకుంటే పొరపాటు. 'ఆ కాలేజీ డీన్ మావాడే' అనేవారి మాట నమ్మదగింది కాదు. చేర్చుకోవాలో వద్దో అక్కడ కమిటీ నిర్ణయిస్తుంది. కాలేజీకి అభ్యర్థి ఎవరో తెలియడం, అభ్యర్థికి కాలేజీ ఏమి కోరుతుందో తెలియడం, ఈ రెండే పరిచయం.

దీనికి ఏడాది రెండేళ్ల ముందే పునాది వేసుకోవాలి. మొదట ఆ కాలేజీ వెబ్‌సైటు పూర్తిగా చదవాలి. కొన్ని కాలేజీలు విద్యార్థి వీసా మీద వచ్చేవారిని తీసుకోవు. ఆ సంగతి ముందే తెలిస్తే దరఖాస్తు రుసుము మిగులుతుంది. పలు కాలేజీలు కొత్తవారి కోసం సమాచార సమావేశాలు పెడతాయి. వాటిలో కొన్ని ఇంటర్నెట్ ద్వారా జరుగుతాయి కనుక ఊళ్లో కూర్చునే వినవచ్చు. అక్కడ కూడా తీరని సందేహం ఉంటే ప్రవేశాల కార్యాలయానికి నాలుగు వాక్యాల ఉత్తరం ఈమెయిలులో పంపాలి. జవాబు వచ్చాక కృతజ్ఞతలు చెప్పాలి. వారం వారం రాసి విసిగించరాదు. తండ్రో, బాబాయో ఫోను చేయడం కంటే అభ్యర్థి స్వయంగా అడగడమే మేలు. రేపు చదవాల్సింది, రోగితో మాట్లాడాల్సింది ఆ అభ్యర్థే కదా!

మన కాలేజీలో చదివి ఇప్పుడు అక్కడ ఉన్న సీనియర్లను పలకరించడం మరో మార్గం. ఫీజు కాక పనిముట్లకు ఎంత అవుతుంది, రోగులు చాలినంత మంది వస్తారా, గురువులు దగ్గరుండి నేర్పుతారా అన్నవి వారే చెప్పగలరు.

అమెరికాలోనే ఉంటున్నవారికి అవకాశాలు ఇంకాస్త ఎక్కువ. కాలేజీలు నడిపే స్వల్పకాల కోర్సుల్లో చేరవచ్చు. అయితే ఆ కోర్సుకు డబ్బు కట్టినంత మాత్రాన సీటు ఖాయమైందని భావించరాదు. దంతవైద్యుని అనుమతితో ఆయన క్లినిక్‌లో పని గమనించవచ్చు. లైసెన్సు లేకుండా వైద్యం చేయడం అక్కడ నేరం కనుక చూడడం వరకే పరిమితం కావాలి. పేద పిల్లలకు ఉచితంగా పళ్లు చూసే 'గివ్ కిడ్స్ ఎ స్మైల్' కార్యక్రమం 2002లో సెయింట్ లూయిస్ నగరంలో మొదలై, 2003 నుంచి దేశమంతటా జరుగుతోంది. ఇటువంటి శిబిరాల్లో పేర్లు రాసుకోవడానికి, పిల్లలను కూర్చోబెట్టడానికి కూడా మనుషులు కావాలి. అక్కడే స్థానిక దంతవైద్యులు, కాలేజీల వారు పరిచయమవుతారు.

మొదలు మన ఊళ్లోనే

దరఖాస్తుకు జతపడే లేఖలను గురువులే నేరుగా పంపుతారు. ఇక్కడి డీన్ లేఖ కోరే కాలేజీలూ ఉన్నాయి. నాలుగేళ్లు వెనక బెంచీలో కూర్చుని పట్టా పుచ్చుకున్నవారి గురించి ఏ గురువైనా ఏమి రాయగలరు? హౌస్‌సర్జన్సీలో ఉండగానే ఇద్దరు ముగ్గురు గురువుల దగ్గర శ్రద్ధగా పనిచేసినవారికి ఆ చిక్కు ఉండదు.

పల్లెల్లో పెట్టే దంతవైద్య శిబిరాలు కూడా చిన్నచూపు చూడదగినవి కావు. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ గ్రామాల్లోనూ, కనిగిరి ప్రాంతంలోనూ గారపట్టిన పిల్లల పళ్లు చూసినవారికి, ఆ తల్లుల గోడు విన్నవారికి ఇంటర్వ్యూలో చెప్పడానికి సొంత మాట ఉంటుంది. ఫొటో దిగి సర్టిఫికెట్ తెచ్చుకున్నవారు రెండో ప్రశ్న వేయగానే దొరికిపోతారు.

పొలం కాగితాలు జాగ్రత్త

ఫీజే లక్ష డాలర్లు దాటే కాలేజీలు చాలా ఉన్నాయి. అంటే 80 లక్షల రూపాయలకు పైమాటే. పెద్ద రుణాలకు బ్యాంకులు ఆస్తి హామీ అడుగుతాయి. పొలమో, ఇల్లో తాకట్టులోకి వెళుతుంది. ఇంతటి భారం తలకెత్తుకునేవారు సీటు అమ్ముతామనేవారికి ఆమడ దూరంలో ఉండాలి. దరఖాస్తులు 'క్యాపిడ్' అనే ఉమ్మడి వ్యవస్థ ద్వారా ఏటా మార్చి ప్రాంతంలో మొదలవుతాయి. చివరి తేదీ ఒక్కో కాలేజీకి ఒక్కో రకం. రుసుములు ఆ వ్యవస్థకు, కాలేజీకి నేరుగా చెల్లుతాయి. నగదు రూపంలో ఎవరి చేతికీ ఇవ్వవలసిన పనిలేదు. మధ్యవర్తి తయారుచేసి ఇచ్చే దొంగ లేఖలు బయటపడితే చేరిన తర్వాత కూడా సీటు పోయే ప్రమాదం ఉంది.

మార్కుల పత్రాలు విశ్వవిద్యాలయం నుంచి వెళ్లడానికి, అక్కడి సంస్థ వాటిని లెక్కగట్టడానికి వారాలు పడుతుంది. గడువు దగ్గరపడ్డాక విజయవాడకో, వరంగల్‌కో పరుగెత్తి లాభం లేదు.

అన్నీ విచారించాక ఈ చదువు తమ తాహతుకు మించిందని తేలే కుటుంబాలూ ఉంటాయి. అదీ మేలే. అప్పు చేయకముందు తెలిసిన నిజం ఆ ఇంటికి ఎకరాలు మిగులుస్తుంది. ఇష్టం, శక్తి ఉన్నవారు ఇరవై కాలేజీలకు గుడ్డిగా దరఖాస్తు పెట్టేకంటే, ఐదారింటిని బాగా తెలుసుకుని పెట్టడం మంచిది. పొలం దస్తావేజు పెట్టె దాటేలోగా ఆ కాలేజీ నుంచి అభ్యర్థి పేరిట ఒక్క జవాబైనా వచ్చి ఉండాలి.